గ్రాఫులో రాయని మాత్ర

పదో తరగతి పిల్లలకు నల్లబల్ల మీద గ్రాఫు గీస్తున్నాను. జనవరి నెల. తిరుపతిలో చలి ఏడాదికి ఓ ఇరవై రోజులు మొహం చూపించి పోతుంది. ఆ ఇరవైలో అదొక రోజు. ముందు బెంచీలో ఆడపిల్లలు స్వెట్టర్ చేతులు వేళ్ల దాకా లాక్కుని కూర్చున్నారు. ఎక్స్ అక్షం గీసి, వై అక్షం సగంలో ఉండగా ఛాతీ దగ్గర ఒక వేడి మొదలై మెడ మీదుగా చెవుల దాకా పాకింది. జాకెట్టు వీపంతా తడిసింది. చేతిలో చాక్‌పీసు చెమటకు మెత్తబడింది. రెండు నిమిషాల్లో అంతా పోయి, వణుకు పుట్టింది. "జొరం వచ్చినాదా మేడం?" అని ముందు బెంచీ పిల్ల అడిగింది. లేదన్నాను. పీరియడ్ అయ్యాక స్టాఫ్ రూములో థర్మామీటరు పెట్టుకుని చూసుకున్నాను. నిజంగానే జ్వరం లేదు.

అప్పుడు నాకు ముప్పై మూడేళ్లు. పెళ్లయి ఐదేళ్లు, పిల్లలు లేరు. ఆ ముందు ఏడాది నుంచి నెలసరి దారి తప్పింది. ఒకసారి ఇరవై ఆరు రోజులకు వచ్చేది, ఇంకోసారి నలభై మూడు రోజులకు. ఆలస్యమైన ప్రతిసారీ ఆశ పెట్టుకోవడం, తర్వాత బాత్‌రూములో కొళాయి తిప్పి ఏడవడం నాకు అలవాటైపోయింది. లెక్కల టీచర్ని కదా, తేదీలన్నీ డైరీలో రాసేదాన్ని. వాటి మధ్య ఏ వరసా దొరికేది కాదు.

మా ఇంట్లో ముగ్గురం. నేను, మా ఆయన, మా అత్త. ఆయన రేణిగుంటలో ఒక గోడౌన్‌లో సూపర్‌వైజర్, పొద్దున ఏడింటికి బండి తీస్తే మళ్లీ రాత్రికే కనబడేది. అందుకని ఒంట్లో ఏం జరిగినా ముందు చెప్పుకునేది అత్తకే. వేడి సంగతి చెప్తే ఆవిడ పెద్దగా కంగారు పడలేదు. "ఒంటికి వేడి చేసినాది పాపా, ఇంకేం లేదు" అని సబ్జా గింజలు నానేసి ఇచ్చింది. వారం పాటు సబ్జా, మరో వారం బార్లీ నీళ్లు, ఆపైన మెంతులు వేసిన మజ్జిగ. ఆ వేడి మాత్రం రోజుకు రెండు మూడుసార్లు వచ్చి, తన పని చూసుకుని పోతూనే ఉంది.

ఫిబ్రవరిలో ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. థైరాయిడ్, ప్రొలాక్టిన్, షుగర్ టెస్టులు రాశారు. అన్నీ నార్మల్. మా ఆయన రిపోర్టు కూడా నార్మల్. అప్పుడావిడ ఒక తెల్ల కాగితం మీద చిన్న గీత గీసి చూపించారు. "అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పెరుగుతుంది. దాంతో ఒంటి టెంపరేచర్ అర డిగ్రీ దాకా పెరిగి, పీరియడ్ వచ్చేదాకా అలాగే ఉంటుంది. దాన్ని బేసల్ బాడీ టెంపరేచర్ అంటాం. పొద్దున మెలకువ రాగానే, మంచం దిగకుండా, నీళ్లు తాగకుండా, మాట్లాడకుండా చూసుకోవాలి. మూడు నెలలు చార్ట్ పెట్టండి, ఓవ్యులేషన్ అవుతోందో లేదో తెలుస్తుంది."

చార్ట్ అనగానే నా ప్రాణం లేచి వచ్చింది. ఇన్నాళ్లూ దిక్కు తెలియని చీకట్లో తడుముకుంటున్న దాన్ని, నా చేతికి నా సబ్జెక్టే ఇచ్చినట్టయింది. వచ్చే దారిలోనే ఒక డిజిటల్ థర్మామీటరు, ఒక గ్రాఫ్ పుస్తకం కొన్నాను. అడ్డంగా రోజులు, నిలువుగా ఫారన్‌హీట్. ఒక్కో చిన్న గడికి డిగ్రీలో పదో వంతు.

సరిగ్గా ఆ వారంలోనే మా అత్త మొక్కు మొక్కింది.

మా అత్తది గయ్యాళి మనసు కాదు. ఐదేళ్లలో పిల్లల మాట ఎత్తి నన్ను ఒక్క ముక్క అనలేదు. ఎవరైనా అంటే వాళ్లింటికి పోవడం మానేసేది. కానీ తనూ ఏదో ఒకటి చెయ్యాలి కదా. స్వామివారి నక్షత్రం శ్రవణం. ఇరవై ఏడు రోజులకోసారి వస్తుంది. పదకొండు శ్రవణాలు అలిపిరి నుంచి మెట్లెక్కి వస్తామని, తనూ నేనూ ఇద్దరం వస్తామని మొక్కేసుకుంది. ఆవిడ మోకాళ్లు అప్పటికే అరిగి ఉన్నాయి. మేడ మీద ఆరేసిన బట్టలు తేవడానికే గోడ పట్టుకుని ఎక్కుతుంది. అలాంటి మనిషి నాకోసం మూడున్నర వేల మెట్లు ఎక్కుతానంటే, ఎలా వద్దంటాను?

చిక్కల్లా ఒకటే. ఆ రోజుకు నేను బయట ఉంటే కొండెక్కకూడదు. నాదేమో ఎప్పుడొస్తుందో తెలియని నెలసరి. దానికి మా ఊళ్లో అందరిళ్లలో ఉన్న ఉపాయమే మా ఇంట్లోనూ ఉంది. నెలసరిని వాయిదా వేసే మాత్ర. మా అత్త దాన్ని దర్శనం మాత్ర అంటుంది. పెళ్లికైనా, గృహప్రవేశానికైనా, కొండకైనా ముందు దాని సంగతి చూసుకుంటారు. డాక్టరు చీటీ అడిగేవాళ్లు లేరు. అలిపిరిలో కొబ్బరికాయ కొన్నంత మామూలుగా కొంటారు. నాకు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి, శ్రవణానికి తొమ్మిది రోజుల ముందు నుంచే మొదలుపెట్టేవాళ్లం. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అత్తే తెచ్చేది, అత్తే గుర్తు చేసేది, గ్లాసుతో నీళ్లు అత్తే అందించేది.

అలా ఒకే నెలలో రెండూ మొదలయ్యాయి. గ్రాఫూ, మాత్రా.

పొద్దున ఐదున్నరకు అత్త వాకిట్లో నీళ్లు చల్లుతూ "పాపా, లేసినావా?" అని కేకేసేది. నా నాలుక కింద థర్మామీటరు ఉండేది. పలకడానికి లేదు. పలక్కపోతే ఆవిడ తలుపు దగ్గరికి వచ్చి మళ్లీ పిలిచేది. నేను ముక్కుతో మూలిగేదాన్ని. ఆ వరసన వారం గడిచాక ఆవిడ అడిగింది, "ఆ పుల్ల నోట్లో పెట్టుకుంటే బిడ్డలు పుడతారని ఏ డాక్టరమ్మ చెప్పినాది?" అని. పుట్టరు అత్తా, ఎప్పుడు పుట్టొచ్చో తెలుస్తుంది అన్నాను. ఆవిడకది నచ్చింది. మర్నాటి నుంచి థర్మామీటరు కూత వినబడేదాకా వాకిట్లోనే నిలబడి, ఆ తర్వాతే పిలిచేది.

మొదటి నెల చుక్కలు కలిపిన రోజు నాకు బాగా గుర్తుంది. పదహారు రోజులు తొంభై ఏడు పాయింట్ ఒకటి, రెండు, మూడు మధ్య నేల మీద పాకాయి. తర్వాత మూడు రోజుల్లో తొంభై ఏడు పాయింట్ తొమ్మిదికి ఎక్కి, ఏడు రోజులు అక్కడే నిలబడి, కిందికి దిగాయి. దిగిన రెండో రోజుకు నెలసరి. డాక్టరు కాగితం మీద గీసిన గీతే, అచ్చు గుద్దినట్టు. అది చూసి ఎంత సంతోషించానంటే, మా ఆయన రాత్రి అన్నం తింటుంటే పుస్తకం పళ్లెం పక్కన పెట్టి చూపించాను. ఆయనకు గ్రాఫులు అర్థం కావు. నా మొహం చూసి నవ్వారు.

రెండో నెల, మూడో నెల కూడా అంతే. పైగా అప్పటిదాకా అడ్డదిడ్డంగా వచ్చే నెలసరి గడియారంలా తిరగడం మొదలుపెట్టింది. ఇరవై ఏడు, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. మొక్కు మహిమ అంది అత్త. నేను పైకి అనలేదు గానీ, నాకూ అలాగే అనిపించింది.

మూడు చార్టులూ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్తే ఆవిడ మెచ్చుకున్నారు. "ఇంత నీట్‌గా ఎవరూ తేరు. ఓవ్యులేషన్ అవుతోంది, సైకిల్స్ రెగ్యులర్ అయ్యాయి. ల్యూటియల్ ఫేజ్, అంటే అండం విడుదలయ్యాక పీరియడ్ దాకా ఉండే కాలం, కొంచెం చిన్నదంతే. ఆరేడు నెలలు చూద్దాం. వేరే మందులేమీ వాడటం లేదుగా?"

"లేదు మేడం" అన్నాను.

ఆ జవాబును ఎన్నిసార్లు నెమరేశానో లెక్కలేదు. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఆ మాత్ర మందని నాకు తోచనే లేదు. మందంటే జబ్బుకు వేసుకునేది. ఇది దేవుడి దగ్గరికి పోవడానికి వేసుకునేది. చంటిపిల్లలకు చెప్పినట్టు తరగతిలో రోజూ చెప్తాను, గ్రాఫు గీసే ముందు ఏయే రాశులు మారుతున్నాయో అన్నీ రాసుకోండర్రా అని. నా గ్రాఫులో చలి రాశాను, జలుబు రాశాను, నిద్ర చాలని రోజులు రాశాను. మాత్ర రాయలేదు.

వేడి ఆవిర్లు తగ్గలేదు. కానీ అప్పటికి ఏప్రిల్ వచ్చేసింది. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో వేడిగా ఉందంటే ఎవరు వింటారు? స్టాఫ్ రూములో అందరం కొంగుతో విసురుకునేవాళ్లమే. నిద్ర పట్టేది కాదు. చిన్న మాటకే కోపం వచ్చేది. నెలసరిలో రక్తం నెలనెలకూ తగ్గుతూ వచ్చి, రోజున్నరకే ఆగిపోయేది. డాక్టరుకు చెప్తే టెన్షన్ తగ్గించుకోమన్నారు. గ్రాఫు బాగుంది కదా అని నేనూ సరిపెట్టుకున్నాను. ఒళ్లు ఒకటి చెప్తుంటే కాగితం ఇంకోటి చెప్పింది. నేను కాగితాన్ని నమ్మాను.

శ్రవణాలు గడిచాయి. గాలిగోపురం దాకా అత్త మాట్లాడుతూ వచ్చేది. ఆ తర్వాత మాటలు ఆగిపోయేవి. మోకాళ్ల మెట్టు దగ్గర నిజంగానే మోకాళ్ల మీద ఎక్కేది. నేను వెనక నుంచి నడుం పట్టుకుంటే వదిలించుకునేది. ఎనిమిదోసారి పైకి చేరాక ఆవిడ కాళ్లు చూశాను. మోకాలి చిప్పలు కనపడనంతగా వాచిపోయాయి. బస్సులో దిగి వచ్చేటప్పుడు నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఆ రోజు నాకు పిల్లలు కావాలన్న కోరిక నాకోసం కంటే ఆవిడకోసమే ఎక్కువనిపించింది.

పదకొండో శ్రవణం నవంబరులో అయిపోయింది. రెండు రోజులకు నెలసరి వచ్చింది, పోయింది. ఇంక మాత్ర అవసరం లేదు.

ఆ నెల గ్రాఫు పెరగలేదు.

పదహారో రోజు, పద్దెనిమిదో రోజు, ఇరవయ్యో రోజు. తొంభై ఏడు పాయింట్ ఒకటి, రెండు, ఒకటి. థర్మామీటరు పాడైందని కొత్తది కొన్నాను. అదీ అదే చెప్పింది. ఇరవై ఎనిమిదో రోజు గడిచింది, నెలసరి రాలేదు. ముప్పై ఐదో రోజుకు అత్త నా చేతిలోంచి నీళ్ల బిందె లాక్కుంది. ముప్పై ఎనిమిదో రోజున నా తల మీద చెయ్యి పెట్టి, నెమ్మదిగా అంది. "సామి మన మాట ఇన్నాడు పాపా. నువ్వేం బరువులెత్తబాకు."

గర్భం నిలిస్తే టెంపరేచర్ పైనే ఉండాలి. ఆ సంగతి నాకు తెలుసు. నా గీత నేలను కరుచుకుని ఉంది. దాన్ని నేను రోజూ పొద్దున చూస్తూనే ఉన్నాను. అయినా అత్త చేసిన పొంగలి తిన్నాను. బిందె మోయలేదు. ఆశ ముందు నా చదువు ఏ మూలకు పోయిందో తెలియదు. నలభై ఒకటో రోజు టెస్టు కిట్ తెచ్చుకున్నాను. ఒకటే గీత. ఆ కిట్‌ను కాగితంలో చుట్టి స్కూలు బ్యాగులో రెండు రోజులు మోశాను. మూడో రోజు అత్తకు చెప్పాను. ఆవిడ పోయి బిందె కడుక్కుని, నీళ్లు తనే పట్టుకొచ్చింది.

ఈసారి వేరే డాక్టరు దగ్గరికి వెళ్లాం, మా ఆయన కూడా సెలవు పెట్టుకుని వచ్చారు. స్కాన్ చేశారు. చేస్తున్నంతసేపూ ఆ డాక్టరమ్మ స్క్రీన్ వైపే చూశారు. ఓవరీస్ రెండూ చిన్నగా ఉన్నాయి, అండాలు పెరిగే ఫాలికల్స్ సరిగా కనిపించడం లేదు అన్నారు. ఎఫ్‌ఎస్‌హెచ్, ఏఎంహెచ్ రాశారు. పది దాటకూడని ఎఫ్‌ఎస్‌హెచ్ అరవై రెండు వచ్చింది. మిగిలిన అండాల లెక్క చెప్పే ఏఎంహెచ్ దాదాపు లేనట్టే. నాలుగు వారాలు ఆగి మళ్లీ చేయించారు, యాభై ఎనిమిది. ఆ నాలుగు వారాలు స్కూల్లో ఏం పాఠం చెప్పానో ఇప్పటికీ గుర్తు లేదు.

"ప్రిమెచ్యూర్ ఓవేరియన్ ఇన్‌సఫిషియెన్సీ అంటాం" అన్నారావిడ. "నలభై లోపే ఓవరీస్ పనిచేయడం తగ్గిపోతుంది. మీ అమ్మగారికి పీరియడ్స్ ఎప్పుడు ఆగాయి?"

నాకు తెలియదు. బయట వరండాలోకి వచ్చి నగరిలో మా పుట్టింటికి ఫోన్ చేశాను. మా నాయనకు అక్కడ రెండు పవర్‌లూములు ఉన్నాయి. ఆ చప్పుడులో అమ్మకు నా మాట వినబడక వీధిలోకి వచ్చింది. అడిగాను. "నాకా? ముప్పై ఆరుకే నిలిచిపోయినాది. పీడ పోయిందనుకున్నా. ఇదేమన్నా చెప్పుకునే మాటనా?" అంది. నాతో ఒక్కసారైనా అనుండాల్సింది కదమ్మా అని అరవాలనిపించింది. ఫోన్ పెట్టేశాను. అమ్మ మళ్లీ చేసింది. ఎత్తలేదు.

లోపలికి వెళ్లేసరికి డాక్టరమ్మ నా గ్రాఫు పుస్తకం తిరగేస్తున్నారు. "ఈ చార్టులు చూస్తే పదకొండు నెలలు ఓవ్యులేషన్ అయినట్టే ఉంది. ఈ రిపోర్టులు చూస్తే అంత వరసగా అయ్యే వీలు లేదు. రెండూ నిజం కాలేవు. మందులేమైనా తీసుకున్నారా? జ్వరం మాత్రల సంగతి కాదు. పీరియడ్ వాయిదా వెయ్యడానికి ఏమైనా?"

"దర్శనానికి వెళ్లేటప్పుడు మాత్రం" అన్నాను.

"ఎన్నిసార్లు?"

"పదకొండు."

ఆవిడ పెన్ను బల్ల మీద పెట్టారు. ఆ మాత్ర కూడా ప్రొజెస్టిరాన్ జాతిదే, వేసుకుంటే టెంపరేచర్ పెరుగుతుంది, ఆపితే రెండు మూడు రోజుల్లో బ్లీడింగ్ వస్తుంది అని ఓపిగ్గా చెప్పారు. గ్రాఫులో నేను చూసింది నా అండం కాదు, నా మాత్ర. నెలసరి అనుకున్నది నెలసరి కాదు, మాత్ర ఆపినందుకు వచ్చిన రక్తం. నాది ఎప్పుడో ఆగిపోవడం మొదలైంది. అది నాకు తెలియకుండా మాత్ర అడ్డం నిలబడింది.

ముందే తెలిసుంటే పిల్లలు పుట్టేవాళ్లా అని మా ఆయన అడిగారు. "చెప్పలేను" అన్నారావిడ. "అప్పటికే అండాలు చాలా తక్కువగా ఉండుండొచ్చు. కానీ ఒక ఏడాది ముందు వచ్చుంటే ప్రయత్నించడానికి ఎంతో కొంత ఉండేదేమో. ఇప్పుడు సున్నా అని అనను. చాలా తక్కువ."

ఆ 'ఏమో' అన్న మాటతోనే నేను ఇప్పటికీ బతుకుతున్నాను. లేదు అనుంటే ఏడ్చి ఊరుకునేదాన్ని.

ఇంటికి వచ్చాక వంటింట్లో మేకుకు తగిలించిన తెలుగు క్యాలెండర్ దించాను. అత్త ప్రతి శ్రవణం గడిలోనూ పసుపు బొట్టు పెట్టి ఉంచింది. గ్రాఫు పుస్తకం పక్కన పెట్టుకుని చూశాను. ప్రతి బొట్టుకు తొమ్మిది రోజుల ముందు మాత్ర, ఏడు రోజుల ముందు గ్రాఫులో వేడి పెరగడం, రెండు రోజుల తర్వాత నెలసరి. ఒక్క నెల కూడా తప్పలేదు. ఇన్నాళ్లు నేను వెతికిన వరస అదే. నా ఒంటిది కాదు, పంచాంగానిది. ఆరో తరగతి పిల్లకిచ్చినా పట్టుకునే లెక్క.

"మా అమ్మకు మాత్రం చెప్పద్దు" అన్నారు మా ఆయన. సరేనన్నాను. పది రోజులు నోరు కట్టుకున్నాను.

కానీ అత్త మనసు వేరే దారిలో నడుస్తోంది. మొక్కు ఎందుకు పండలేదని వెతుక్కుంటోంది. పదకొండో రోజు సాయంత్రం, వంటింట్లో నానబెట్టిన అనపగింజలు ముందేసుకుని పప్పు పితుకుతూ, నా మొహం చూడకుండా అడిగింది. "మెట్లెక్కేటప్పుడు యాడన్నా అంటు తగిలినాదా పాపా? నువ్వు నాకు చెప్పకుండా..."

అంతటితో నా ఓర్పు తెగింది. అరవలేదు. అరిచినా బాగుండేది. క్యాలెండర్ తెచ్చి ఆవిడ ముందు పరిచి, పిల్లలకు చెప్పినట్టు వేలు పెట్టి చూపిస్తూ చెప్పాను. ఇదిగో నీ బొట్టు, ఇదిగో నువ్విచ్చిన మాత్ర, ఇదిగో అది దాచిపెట్టిన జబ్బు. ఒక్కొక్క నెలా, పదకొండు నెలలూ. మూడో నెలకే ఆవిడకు అర్థమైపోయింది. అయినా నేను ఆపలేదు.

ఆవిడ చేతులు పప్పులో అలాగే ఉండిపోయాయి. తల ఎత్తకుండా అడిగింది. "అయితే బిడ్డ రాకుండా అడ్డం పడింది నేనేనా?"

కాదు అనాల్సింది. వెంటనే అనాల్సింది. నేను క్యాలెండర్ చుట్టి మేకుకు తగిలించి గదిలోకి వెళ్లిపోయాను. ఈ మొత్తం కథలో నా తప్పు ఏదని ఎవరైనా అడిగితే, డాక్టరుకు మాత్ర సంగతి చెప్పకపోవడం కాదు, ఇది.

తర్వాత ఆవిడ కొండ ఊసే ఎత్తలేదు. శ్రవణం నాడు కూడా పొద్దున్నే దీపం పెట్టి, మళ్లీ వెళ్లి పడుకునేది. నాకు ఎదురుపడితే పక్కకు తప్పుకునేది. నెల రోజులు చూసి, సెలవు రోజున ఆటో పిలిచి, ఆవిడను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. నేను చెప్తే నమ్మదని తెలుసు. డాక్టరమ్మ నిదానంగా చెప్పారు. "మాత్ర వల్ల ఈ జబ్బు రాలేదు పెద్దమ్మా. ఇది ఆ అమ్మాయికి వాళ్లమ్మ వైపు నుంచి వచ్చుండొచ్చు. మాత్ర వల్ల కనపడకుండా పోయింది, అంతే."

"కనపడకుండా సేసినా తప్పే కదమ్మా" అంది అత్త.

బయటికి వచ్చాక ఆటో కోసం నిలబడ్డాం. అప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని, ఆ రోజు అనాల్సిన మాట అన్నాను. "నువ్వు కాదత్తా." తల ఊపింది. నమ్మిందో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు నాకు ముప్పై ఐదు. హార్మోన్ రీప్లేస్‌మెంట్ వాడుతున్నాను. పిల్లల కోసం కాదు, ఎముకలు, గుండె దెబ్బతినకుండా. డెక్సా స్కాన్‌లో ఎముకలు అప్పటికే పలచబడ్డాయని వచ్చింది. కాల్షియం, విటమిన్ డి, రోజూ సాయంత్రం అరగంట నడక. వేడి ఆవిర్లు పోయాయి, నిద్ర పడుతోంది. దాత అండంతో ప్రయత్నించొచ్చని డాక్టరమ్మ చెప్పారు. దత్తత గురించి మా ఆయన ఒకసారి అన్నారు. రెండు మాటలూ మా ఇద్దరి మధ్య సగంలోనే ఉన్నాయి. స్కూల్లో చంటిబిడ్డను ఎత్తుకుని ఏ తల్లి వచ్చినా నేను ఇప్పటికీ రిజిస్టరులోకి తల దించుకుంటాను. బాగైపోయానని రాస్తే అబద్ధమవుతుంది. జబ్బు పేరు తెలిసింది, దానితో కాపురం చేస్తున్నాను.

చదివే ఆడవాళ్లకు ఒక్కటే చెప్తాను. టెంపరేచర్ చార్ట్ మంచి పనే, పెట్టుకోండి. కానీ అంకెల కింద ఒక వరుస ఖాళీ ఉంచి, ఆ రోజు నోట్లో వేసుకున్న ప్రతి మాత్రా అందులో రాయండి. దేవుడి కోసం వేసుకున్నదైనా, పెళ్లి కోసం వేసుకున్నదైనా సరే. ఆ కాగితాన్ని ఉన్నదున్నట్టు డాక్టరు ముందు పెట్టండి.

మొన్న చిత్తూరు నుంచి మా ఆడబిడ్డ కూతురు ఫోన్ చేసింది. ఇరవై రెండేళ్ల పిల్ల. స్నేహితురాళ్లతో కొండకు వస్తోందట, దర్శనం మాత్ర పేరేంటని అమ్మమ్మను అడిగింది. నేను పక్కనే పిల్లల పేపర్లు దిద్దుతున్నాను. అత్త నా వైపు ఒకసారి చూసింది. తర్వాత ఫోన్‌లో అడిగింది. "నీకు నెలనెలా సరిగా వస్తా ఉండాదా? యాడన్నా రాసి పెట్టుకున్నావా?" ఆ పిల్ల లేదన్నట్టుంది. "అయితే ముందు డాక్టరమ్మను అడుగు. కుదరకుంటే వచ్చే నెల పో. సామి యాడికీ పోడు. అది మింగినావంటే, నీ ఒంట్లో ఏం జరుగుతా ఉండాదో నీకే తెలీకుండా పోతాది."

ఫోన్ పెట్టేసి, మోకాళ్లు పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి నీళ్ల గ్లాసు, నా సాయంత్రం మాత్ర తెచ్చి పేపర్ల పక్కన పెట్టింది. నేను వేసుకునేదాకా నిలబడి, క్యాలెండర్ దగ్గరికి వెళ్లి ఆ రోజు గడిలో పెన్సిలుతో ఒక గీత గీసింది.